విజయపురి వినోదరంగము



పల్నాటి చరిత్ర యనగానే మనకు మొట్టమొదట స్ఫురించునది యుద్ధము. కారెంపూడి రణరంగము, నాగులేరు, బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు, ఈ పేరులు వినని బాలుడు మన సీమలో లేడు. వీరవిద్యావంతులు రాత్రులు పాడగా విని మన తాతలు చరిత్రను నేర్చిరి. కాని ఆ గాథనే కొంచెము నిదానించి చూచినచో ఒక విశేషము కానవచ్చును. ఆ మహాకలహమును రగిల్చినది ఒక కోడిపందెము. బాలచంద్రుని యుద్ధభూమికి నడిపించినది ఆతడాడిన బొంగరపుటాట. పంతములును పౌరుషములును లోపల నెంత యున్నను, కథకు ద్వారము తెఱచినవి ఆటలే. అయినను మనము కోటలను లెక్కించెదము, గుడులను లెక్కించెదము, శాసనములను చదివించుకొనెదము. జనులు కూడి నవ్విన చోటు ఏదియని మాత్రము అడుగము.

అట్టి చోటొకటి మన పల్నాటనే కలదు. సుమారు 1,700 ఏండ్ల క్రిందట జనులు వినోదముకొఱకు కూర్చుండిన మెట్లు, ఆటగాండ్రు నిలిచిన నేల, నేటికిని కన్నులార చూడవచ్చును. అది ఒకసారి గాక రెండుసార్లు పాడుపడిన వినోదస్థలము. దానిని చూచి ఛాయాచిత్రములు తీసికొని రావలెనని నేనొకమారు పోయితిని. పోయి ఏమి తెచ్చితినో, ఏమి తేలేకపోతినో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

మాచర్లనుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవ మీలో పెక్కుమంది ఎఱిగినదే. నాపరాతి గనులును, మిరపచేలును, ప్రత్తిచేలును దాటి, నల్లమల గుట్టలు దగ్గఱ పడినకొలది గాలి మాఱును. ఆనకట్టకు ఈవలి యొడ్డున విజయపురి సౌత్ అను ఊరున్నది. అచటినుండి కొన్ని మైళ్లు జలాశయపు టంచు వెంబడి పోయినచో అనుపు అను చోటు వచ్చును. ఇది మన పల్నాడు జిల్లా మాచర్ల మండలములోనిది. యాత్రికులు పెక్కుమంది లాంచి యెక్కి నడినీటనున్న నాగార్జునకొండకు పోయెదరు గాని, అనుపునకు వచ్చువారు తక్కువ. నేను పోయిన మాఘమాసపు టుదయమున అచట కావలివాడును, రెండు మూడు మేకలును దక్క మఱి యెవ్వరును లేరు.

మొదట కన్నులకు గోచరించునది ఒక పల్లపు నేల. పొడవు వెడల్పుకంటె కొంచెమధికముగా నున్న చదరము. పెద్ద రైతు కళ్లమును తలచుకొనుడు. అంతకంటె పెద్దది గాదు. దాని చుట్టును నాలుగువైపుల మెట్లు పైపైకి లేచినవి. ఆ మెట్లు ఎక్కి పోవుటకు మాత్రమే కావు, కూర్చుండి చూచుటకు కట్టినవి. పడమటివైపున పెద్దలు కూర్చుండుటకో యనునట్లు ఒక మండపమునకు చోటు విడిచినారు. దగ్గఱనే కొంచె మెత్తున హారీతీదేవి ఆలయపు టానవాలు కలదు.

నేను నేలనడుమ నిలిచి ఒక్కమారు చప్పట్లు చఱచితిని. ఆ చప్పుడు మెట్లను తాకి నా చెవికే మరలి వచ్చినది. తరువాత కావలివానిని నడుమ నిలిపి, నేను పైమెట్టున కూర్చుండి, మెల్లగా మాటలాడుమంటిని. అతని మాట ప్రక్కన నిలిచి చెప్పినట్లే వినవచ్చినది. నేడు సభలలో మైకు లేనిదే మాట సాగదు. ఆ పనిని వారు మెట్ల అమరికచేతనే సాధించిరి.

ఇక ఛాయాచిత్రముల సంగతి. మధ్యాహ్నమున తీసిన చిత్రములు నాకేమియు పనికిరాలేదు. నడినెత్తిన సూర్యుడున్నపుడు మెట్టునకును మెట్టునకును భేదము తెలియక, అంతయు ఒక్క బూడిదరంగు దిబ్బవలె పడినది. ఉదయమున ఎండ ఏటవాలుగా వచ్చినపుడు తీసినవానిలో మాత్రము ప్రతి మెట్టు క్రిందను ఒక నీడగీత నిలిచి, కట్టడపు రూపము తేటపడినది. వెలుతురు రాతిని చూపదు, నీడయే చూపును అని ఆనాడు నాకు బోధపడినది. అయినను, ఎన్ని చిత్రములు తీసినను ఏదో కొఱతగా నుండెను. ఆ కొఱత ఏమో సాయంకాలమున గాని తెలియలేదు. దానిని చెప్పుటకు ముందు, ఈ మెట్లు ఎవరివో, ఇచటికి ఎట్లు వచ్చినవో చెప్పవలెను. ఏలయన, ఇవి మొదట ఇచటివి కావు.

నేడు జలాశయముగా నున్న చోట పూర్వము కొండలచే చుట్టబడిన ఒక లోయ యుండెను. మూడువైపుల నల్లమల గుట్టలు, నాలుగవవైపున కృష్ణానది. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, శాతవాహనుల ప్రభ సన్నగిల్లిన తరువాత, ఇక్ష్వాకులను రాజులు ఈ లోయను రాజధానిగా చేసికొని దానికి విజయపురి యని పేరిడిరి. ప్రక్కనున్న కొండకు శాసనములలో శ్రీపర్వతమని పేరు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, వాని కుమారుడు వాసిష్ఠీపుత్ర ఎహువల చాంతమూలుడు, తరువాత రుద్రపురుషదత్తుడు, ఈ క్రమమున వారేలిరి. ఇంచుమించుగా నూఱేండ్ల ప్రభుత్వము.

ఆ నూఱేండ్లలో ఈ లోయలో జరిగిన పని ఆశ్చర్యకరము. చాంతమూలమహారాజు అశ్వమేధము చేసిన వైదికుడు. అతని చెల్లెలు చాంతిసిరి బుద్ధభక్తురాలు. వీరపురుషదత్తుని ఆఱవ పాలనవత్సరమున మహాచైత్యమునకు ఆమె చేసిన దానములు శాసనములలో నున్నవి. అన్న యజ్ఞశాలలో నుండగా చెల్లెలు చైత్యమున దీపము పెట్టినది. ఒక్క కుటుంబమున రెండు మతములు కలహింపక నిలిచినవి. బోధిసిరి యను ఉపాసిక శాసనములో సింహళదేశపు ఆచార్యుల ప్రశంసయు, కాశ్మీరము, గాంధారము, చీనాదేశము, వంగము, వనవాసి మున్నగు దేశముల పేరులును కలవు. సింహళ భిక్షువులకు ఇచట వేఱుగా ఒక విహారమే యుండెను. రోముదేశపు బంగారునాణెములును ఈ లోయలో దొరకినవి. దూరదేశముల వర్తకులును, భిక్షువులును, యాత్రికులును ఈ వీథులలో నడచిరన్నమాట. మన పల్నాడు ఒకనాడు ప్రపంచమునకు పెడముఖమై యుండలేదు.

అట్టి నగరమునకు ఒక వినోదరంగము కావలసివచ్చుట సహజము. దానిలో ఏమి జరిగెడిదో చెప్పు శాసనము లేదు. సంగీతము, నృత్యము, నాటకము, మల్లయుద్ధము, ఇవి యన్నియు జరిగియుండునని పండితుల ఊహ. నేల చిన్నది గనుక రథముల పందెములకును, ఏనుగుల పోరాటమునకును తగినది కాదని మన కన్నులే చెప్పుచున్నవి. రోమునగరమున క్రీ. శ. 80లో తెఱచిన కొలోసియమను మహారంగమున వేలకొలది జనులు కూర్చుండి మనుష్యులు మనుష్యులను చంపుట చూచి సంతసించిరి. విజయపురి రంగము దాని ప్రక్క ఒక పిల్లవాని బొమ్మరిల్లువంటిది. కాని ఇందు ప్రేక్షకుడు ఆటగాని ముఖమును చూడగలడు, ఆటగాడు ప్రేక్షకుని నవ్వును వినగలడు. ఆ దగ్గఱతనమే మన వీథినాటకములకును, తోలుబొమ్మలాటలకును ప్రాణము. ఆ మెట్లమీద కూర్చుండినపుడు నాకు రోము గుర్తునకు రాలేదు. మా యూరి రచ్చ గుర్తునకు వచ్చినది.

దగ్గఱనున్న హారీతీ ఆలయమును గూర్చి రెండు మాటలు. హారీతి మొదట పరుల బిడ్డలను తిను యక్షిణి యని బౌద్ధులు చెప్పుదురు. బుద్ధభగవానుడు ఆమె కడగొట్టు బిడ్డను దాచిపెట్టగా, బిడ్డను కోలుపోయిన తల్లి దుఃఖ మెట్టిదో తెలిసికొని, నాటనుండి బిడ్డలనెల్ల కాపాడు దేవత యయ్యెనట. జనులు ఆడిపాడు చోటునకు చేరువనే బిడ్డలను కాచు తల్లి కూర్చుండుట కేవలము కాకతాళీయమో, లేక కట్టినవారి యుద్దేశమో నేను చెప్పజాలను. నాకు మాత్రము అది తగియున్నట్లు తోచినది. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవానికొఱకు వెదకిన తల్లులెవరైనను ఈ మాటను గ్రహింతురు.

నాలుగవ శతాబ్దపు ఆరంభముతో ఇక్ష్వాకుల ప్రభుత్వ మంతరించినది. అటుపిమ్మట ఈ సీమలో పల్లవుల పేరు వినవచ్చును. మన పల్నాటిలోని మంచికల్లున దొరకిన సింహవర్మ ప్రాకృతశాసనమే దానికి సాక్ష్యము. రాజధాని పోగా వర్తకులు పోయిరి. వర్తకులు పోగా ఆటగాండ్రు పోయిరి. భిక్షువులు క్రమముగా తగ్గిరి. మెట్లమీద మట్టి పేరుకొన్నది, మట్టిలో గడ్డి మొలచినది, గడ్డిపై పశువులు మేసినవి. ఇది మొదటిసారి పాడుపడుట. దీనిని ఎవరును కావలెనని చేయలేదు. ఆట ఆగుట యుద్ధము ముగిసినట్లు కాదు. ఎవరును డప్పు వేయరు. ఒక యేడు ఆటగాండ్రు రారు, మఱుసటి యేడు ప్రేక్షకులు రారు, అంతటితో సరి.

ఆ లోయను తిరిగి లోకమునకు చూపిన వారిలో మొదటివాడు రాజు గాడు, దొర గాడు, ఒక బడిపంతులు. 1920 ప్రాంతమున సూరపరాజు వేంకటరామయ్యగారను ఉపాధ్యాయుడు అచట ఒక ప్రాచీన స్తంభమును చూచి, ఇది వట్టి రాయి కాదని గ్రహించి, మదరాసు ప్రభుత్వమువారికి తెలియజేసెను. పిదప 1926లో శాసనశాఖలోని తెలుగు సహాయకుడు రంగస్వామి సరస్వతిగారు వచ్చి శిథిలముల విలువను నిర్ధారించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టుదొర త్రవ్వకములు జరిపెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారు మరల త్రవ్వించిరి. ఇన్ని త్రవ్వకములు జరిగినను వినోదరంగము మాత్రము మట్టిక్రిందనే నిద్రించుచుండెను. అందఱును చైత్యములను వెదకిరి, విహారములను వెదకిరి. ఆటస్థలమును వెదకినవారు లేరు.

అది వెలువడుటకు కారణము దానిని ముంచబోవు నీరే. కృష్ణపై నందికొండకడ ఆనకట్ట కట్టవలెనని నిశ్చయమైనపుడు, లోయ యంతయు మునిగిపోవునని తేలినది. మునుగకముందే చూడదగినదెల్ల చూడవలెనని 1954 మొదలు 1960 వఱకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున కేంద్ర పురావస్తుశాఖవారు లోయనెల్ల గాలించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ఒకప్రక్క కట్టడము లేచుచుండగా, వేఱొకప్రక్క కట్టడములు మట్టినుండి లేచినవి. ముప్పదికి మించిన బౌద్ధస్థానములు, శివాలయము, కార్తికేయాలయము, అష్టభుజస్వామి యాలయము, కోటగోడ, నదీతీరపు మెట్లు, వానితోపాటు ఈ వినోదరంగమును అప్పుడే బయలువెడలినవి.

తరువాత ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని విప్పి, కొన్ని కొండపైకిని కొన్ని అనుపునకును చేర్చి, మరల యథాప్రకారముగా కూర్చిరి. కొండమీద వస్తుప్రదర్శనశాల 1966లో తెఱవబడినది. వినోదరంగము అనుపునకు వచ్చినది. ఇటువంటి పనియే ఈజిప్టుదేశమునందును జరిగినది. నైలునదిపై ఆస్వాను ఆనకట్ట కట్టినపుడు అబూ సింబెల్ ఆలయములను 1964 మొదలు 1968 వఱకు కొండనుండి కోసి, ముక్కలుగా పైకెత్తి, ఎత్తున నిలిపిరి. లోకమంతయు దానిని కొనియాడినది. అంతకుముందే మన కృష్ణాతీరమున ఇట్టి సాహసము ఆరంభమైనదను సంగతి మనలోనే పెక్కుమందికి తెలియదు.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ మన పల్నాటిగుండ పాఱినది. దాని మేలును మీకు నేను చెప్పనక్కఱలేదు. శ్రీనాథకవి సార్వభౌమునంతవాడు పల్నాటికి వచ్చి జొన్నకూటిని, నీటికఱవును వెక్కిరించిపోయెనని చెప్పుకొనుచు మనవారు శతాబ్దములు గడపిరి. అట్టి సీమలో వరియన్నము విస్తరికి వచ్చినది. ఆ నీటికొఱకు లోయ మునిగినది. లోయతో పుల్లారెడ్డిగూడెమువంటి పల్లెలును మునిగినవి. పొలమునకు నీరు ముఖ్యమా, పాతమెట్లు ముఖ్యమా యని యెవరైన నన్నడిగినచో నీరే ముఖ్యమనెదను. కాని కొన్నదానికి ఇచ్చిన వెల యెంతయో మఱచిపోవుట వ్యాపారమెఱిగిన వాని లక్షణము కాదు. ఇది రెండవసారి పాడుపడుట. మొదటిసారి జనులు స్థలమును విడిచిపోయిరి. రెండవసారి స్థలమే జనులను విడిచి నీటిక్రిందికి పోయినది.

ఇక సాయంకాలపు సంగతి. నేను కెమేరాను సంచిలో పెట్టుకొనుచుండగా ఒక వృద్ధుడు కఱ్ఱ పట్టుకొని మెట్లు దిగివచ్చెను. ఎనుబదియేండ్లు ఉండవచ్చును. మునిగిన లోయలోని పల్లెలలో ఒకదానివాడట. ప్రస్తుతము మాచర్లచేరువ కొడుకుకడ నున్నాడట. నన్ను చూచి, "ఏం తీశారు బాబూ? రాళ్లేనా?" అని యడిగెను.

"రాళ్లే తాతగారూ. రాళ్లు గాక ఇంకేమున్నవి?" అంటిని.

ఆయన నవ్వి మూడవ మెట్టున కూర్చుండెను. తన పదియేండ్ల ప్రాయమున ఈ త్రవ్వకములలో తండ్రివెంట మట్టితట్టలు మోసెనట. ఊరివారికి అది వట్టి దిబ్బ యనియే తెలియునట. దానిమీద మేకలను మేపెడివారట. ఒకనాడు పార క్రింద మెట్టు తగిలినది. దానిక్రింద మఱియొక మెట్టు. కొన్నాళ్లకు గుంట యంతయు తేటపడినది. మధ్యాహ్నపు విరామమున పిల్లకాయలందఱును సద్దిమూటలు విప్పుకొని ఆ మెట్లమీదనే కూర్చుండెడివారట. వారిలో ఒకడు వీథిభాగవతులను అనుకరింప నేర్చినవాడు. వాడొకనాడు గుంటలోనికి దుమికి, తట్టను నెత్తిన కిరీటముగా బోర్లించుకొని, గంతులు వేయుచు పాట పాడెనట. మెట్లమీది పిల్లలు చప్పట్లు చఱచి యీలలు వేసిరట. పని చేయించు అధికారులు కసరుకొనక, నిలువబడి చూచి నవ్విరట.

"పదహారువందల ఏండ్ల తర్వాత ఇక్కడ మొదట ఆడింది మావాడే బాబూ," అని ఆయన చెప్పెను. "అది మాత్రం ఎవరూ ఫొటో తీయలా."

నేను మాటరాక నిలిచితిని. ఉదయమునుండి నన్ను బాధించిన కొఱత ఏమో అప్పుడు తెలిసినది. త్రవ్వకములలో రాతిప్రక్కన ఒక కొలబద్దను నిలిపి ఛాయాచిత్రము తీయుట వాడుక. రాయి యెంతదో దానివలన తెలియును. శాస్త్రమునకు అది కావలసినదే. కాని వినోదరంగమునకు కొలబద్ద వేఱు. మనిషి కూర్చుండినగాని ఆ మెట్టు మెట్టు కాదు, నవ్వు వినబడినగాని ఆ రంగము రంగము కాదు. నేను ఉదయమునుండి తీసిన చిత్రములన్నియు ఆట ముగిసి అందఱు లేచిపోయిన తరువాతి పందిరివంటివి.

నేను కెమేరాను మరల తీసి, "తాతగారూ, ఆనాడు మీరు ఎక్కడ కూర్చుండిరో అక్కడనే కూర్చుండుడు, ఒక చిత్రము తీసెదను" అంటిని.

ఆయన చుట్టును కలయజూచి, చేతికఱ్ఱతో జలాశయమువైపు చూపెను. "ఆ చోటు అదిగో, ఆ నీళ్ల కింద ఉంది. రాళ్లు మాత్రం ఇవే. చోటు ఇది కాదు," అనెను. కొంచెము సేపటికి, "అయినా తియ్యి బాబూ. రాయి గుర్తుపడుతుందేమో," అని లేచి, రెండు మెట్లు పైకెక్కి, ఏటివైపు మొగమై కూర్చుండెను. నేను తీసితిని. వెలుతురు తగ్గినందున ఆ చిత్రము కొంత మసకబాఱినది. అయినను ఆ దినమున నేను తీసినవానిలో నిజము చెప్పునది అదియొక్కటియే.

ఇంటికి వచ్చిన తరువాత ఆ చిత్రమునకు వెనుక ఏమి వ్రాయవలెనను ప్రశ్న వచ్చినది. 'విజయపురి వినోదరంగము' అని వ్రాసినచో సగమే నిజము. చోటు విజయపురి కాదు గదా. 'అనుపు' అని మాత్రము వ్రాసినచో అదియు సగమే. కడపట ఇట్లు వ్రాసితిని: రాళ్లు విజయపురివి, చోటు అనుపు, కూర్చుండినవారు మునిగిన పల్లెవారు. దినమును, మాసమును, సంవత్సరమును వ్రాసితిని. ఆయన యనుమతితో ఆయన పేరును వ్రాసి, ఒక ప్రతిని ఆయన కొడుకునకు పంపితిని.

ఈ సందర్భమున మీకొక విశేషమును మనవి చేసెదను. ఇక్ష్వాకుల కాలమున మృతులైన వారికి జ్ఞాపకార్థముగా ఱాతిస్తంభములు నిలుపుట ఆచారము. శాసనములు వానిని ఛాయాస్తంభములని పేర్కొనుచున్నవి. చాంతమూలమహారాజునకు వీరపురుషదత్తుని ఇరువదియవ వత్సరమున నిలిపిన స్తంభమున్నది. రాజులకే గాక సైనికులకును, పనివారికిని అట్టి స్తంభములు దొరకినవి. వానిపై ఆ చనిపోయినవాని రూపమును, అతడు బ్రతికిన విధమును చెక్కిరి. పోయినవాని ఛాయను రాతిలో నిలిపినారన్నమాట. నేడు మనము ఫొటోను ఛాయాచిత్రమని పిలుచుచున్నాము. ఆ మాటను వాడినపుడెల్ల మన కృష్ణాతీరపు శిల్పులు నాకు స్మరణకు వచ్చెదరు. వారును మనవలెనే, పోవుదాని నీడను పట్టుకొనవలెనని తాపత్రయపడిరి. అయితే వారొక సంగతిని మనకంటె బాగుగా నెఱుగుదురు: రాతిమీద రూపము మాత్రమే చాలదు, ప్రక్కన పేరును చెక్కవలెను. పేరులేని రూపము రెండు తరములలో ఎవరిదో తెలియక పోవును.

పెద్దలారా, ఈ ప్రసంగమును వినుచున్న, లేక చదువుచున్న మీ యందఱి యూళ్లలోను ఇట్టి వినోదస్థలము లున్నవి. మీరు చిన్ననాడు తోలుబొమ్మలాట చూచిన మైదానము, వీథినాటకమునకు పందిరి వేసిన చోటు, చెడుగుడు ఆడిన ఇసుకమేట, పులిజూదపు గీతలు గీసిన రచ్చబండ, టూరింగుటాకీసు డేరా వేసిన ఖాళీనేల. వానిలో కొన్నిటిమీద నేడు ఇండ్లు లేచినవి. కొన్నిటిలో తుమ్మ మొలచినది. డేరాసినిమాకు తెరగుంజలు పాతిన గుంటలు ఎచటనో మీకు తెలియును. మీ మనుమలకు తెలియదు. ఆ చోట్లను ఏ ప్రభుత్వశాఖయు త్రవ్వదు. అవి మునిగిపోవునపుడు ఎవరును విప్పి పైకి చేర్చరు. 1920లో ఒక బడిపంతులు ఒక్క స్తంభమును చూచి నోరు మెదపకుండినచో నాగార్జునకొండ గతి యేమై యుండెడిదో ఆలోచింపుడు.

నేడు ప్రతి యింటను పిల్లల చేతిలో ఫోనున్నది, ఫోనులో కెమేరా యున్నది. ఒక యుదయమున, ఎండ ఏటవాలుగా నున్నపుడు, మనుమనినో మనుమరాలినో వెంట బెట్టుకొని ఆ చోటునకు పొండు. వట్టి నేలను తీయనీయకుడు. మీరు ఎక్కడ కూర్చుండి చూచితిరో అక్కడ కూర్చుండుడు, ఆటగాడు ఎక్కడ నిలిచెడివాడో చేతితో చూపుడు, అట్లున్నప్పుడు తీయుమనుడు. తరువాత దానిని కాగితముపై అచ్చొత్తించి, వెనుక మూడు సంగతులు మీ చేతివ్రాతతో వ్రాయుడు: ఇది ఏ చోటు, ఇచట ఏ యాట జరిగెడిది, చిత్రములోనున్నవారెవరు. తేదీని మఱవకుడు. ఫోనులోని చిత్రము ఫోనుతో పోవును. కాగితపు చిత్రమైనను పేరు లేకున్న పనికిరాదు. ఇంతకుమించిన పాండిత్యము ఈ పనికి అక్కఱలేదు.

అనుపునుండి తిరిగివచ్చునపుడు జలాశయము పడమటి వెలుతురులో మెఱయుచుండెను. ఆ నీరు మఱునాడు కాలువలగుండ ఎవరి చేనికో పోవును. దాని యడుగున ఒక చదరపు పల్లము ఖాళీగా నున్నది. అచట ఒకనాడు రాజులు కూర్చుండి చూచిరో లేదో మనకు తెలియదు. మట్టితట్ట కిరీటముగా పెట్టుకొని ఒక కూలిపిల్లవాడు ఆడెననియు, తోడి పిల్లలు కడుపుబ్బ నవ్విరనియు మాత్రము మనకు తెలియును. అది తెలియుటకు కారణము ఒక వృద్ధుడు దానిని మఱవకుండుట, మఱవకముందే చెప్పుట. మీరును చెప్పుడు.